మూడో కాల్‌బ్యాక్

ఎడారి దేశంలో నీళ్ళు కాచే పని చేసి బతికానంటే మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. కొత్తలో ఫోన్‌లో ఈ సంగతి చెబితే నా భార్య కిసుక్కున నవ్వింది. "దుబాయ్‌ల ఎండకు పిట్టలు రాలిపడుతయంటరు. ఆడ నీళ్ళు కాగవెట్టుడేంది? నా చెవుల పువ్వు పెడుతున్నవా?" అంది. అది దుబాయ్ కాదే, ఖతర్ అంటే, "ఏదో ఒకటి తియ్, ఉన్నది ఇసుకనే గద" అనేది. ఆమె అనుమానం సబబే. నాకూ అదే అనుమానం ఉండేది. అది తీరేలోపల నా ఉద్యోగం ఊడినంత పనైంది.

వరల్డ్ కప్పు కోసం ఆ దేశమంతా తవ్విపోస్తున్న రోజులవి. మూడేళ్ళు సైట్లో ఇనుప చువ్వలు కట్టాను. మిట్టమధ్యాహ్నం చువ్వ పట్టుకుంటే గ్లౌజు లోంచి కూడా చుర్రుమనేది. అందరూ వరల్డ్ కప్పు కోసం ఎదురుచూస్తుంటే నేను నెత్తిమీద ఒక కప్పు ఉన్న పని కోసం ఎదురుచూసేవాణ్ణి. ఏ పనైనా సరే, నీడపట్టున ఉంటే చాలు.

ఒకరోజు మా ఫోర్‌మన్ మేముండే లేబర్ క్యాంప్‌కు వచ్చి, "ఎలక్ట్రిక్ కామ్ కిస్‌కో ఆతా హై?" అని అరిచాడు. ఆయన కేరళ మనిషి, అందరితోనూ హిందీలోనే మాట్లాడేవాడు. కంపెనీకి అల్ ఖోర్ అనే ఊళ్ళో ఫ్యామిలీలుండే ఇళ్ళ మెయింటెనెన్సు దొరికిందట, గీజర్లు చూసే మనిషి కావాలట. నా చెయ్యి నన్నడగకుండానే పైకి లేచింది. నాకు వచ్చిన కరెంటు పనల్లా మా పొలంలో బోరు మోటరు స్టార్టరు డబ్బాను ఒక్కటి తన్నడం, ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టడం. మా ఊళ్ళో దాన్ని కరెంటు పని అనే అంటారు. ఆ లెక్కన నేను అబద్ధమేమీ చెప్పలేదు.

ఫోర్‌మన్ షరతు పెట్టాడు. జూన్ నుంచి డిసెంబరాఖరు దాకా ట్రయల్. ఒకసారి బాగుచేసి వచ్చిన ఇంటి నుంచి నెల తిరక్కుండా మళ్ళీ ఫోన్ వస్తే దాన్ని కాల్‌బ్యాక్ అంటారు. ట్రయల్లో మూడు కాల్‌బ్యాక్‌లు వచ్చాయా, మళ్ళీ సైటుకే. నాకు హిందీ అర్థం కాలేదేమోనని మూడు వేళ్ళు చూపించి, ఆ వేళ్ళతోనే కిటికీలోంచి ఎండను చూపించాడు. నాకు బాగానే అర్థమైంది.

పని నేర్పడానికి నన్ను కాకినాడ వైపు పెద్దాయనకు అప్పగించారు. ఇరవై ఏళ్ళుగా గీజర్ల కిందే బతికిన మనిషి. మా వైపు అలవాటు కొద్దీ "కాకా" అని పిలిచాను. "కాకా ఏవిట్రా, కాకిని పిలిచినట్టూ! బాబాయ్ అనలేవూ?" అన్నాడు. నేను మాత్రం ఆ ఏడు నెలలూ కాకా అనే పిలిచాను, ఆయన అన్నిసార్లూ విసుక్కుంటూనే పలికాడు.

అక్కడి గీజరంటే బాత్రూం సీలింగ్ పైనో గోడకో బిగించిన తెల్లటి డ్రమ్ము. కాకా మొదటిరోజే దాని మూత విప్పి నాకు చూపించాడు. "ఇదిగో, నీళ్ళు కాచేది ఎలిమెంటు. ఎంత కాచాలో చెప్పేది థర్మోస్టాటు. ఈ ఇద్దరూ మాట వినకపోతే మొత్తం కరెంటే కట్ చేసేది కటౌటు. మొగుడూ పెళ్ళాం అత్తగారూ అనుకో, గుర్తుంటుంది" అన్నాడు. ఎవరు ఏదో మాత్రం చెప్పలేదు. ఇంకో మాట చెప్పాడు, అది చాలాసార్లు చెప్పాడు: "ముందు అడుగు, తరవాత చూడు, ఆఖర్న ముట్టు. ముట్టేప్పుడు కూడా అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు ఆనించు. కరెంటుంటే అరచెయ్యి పట్టేసుకుంటుంది, వెనకచెయ్యి దూరంగా పోతుంది." నేను తలూపాను. ముట్టుకునే సంగతి బాగానే గుర్తుపెట్టుకున్నాను. అడగడమే మరిచిపోయాను.

మొదటి వారమే ఒంటరిగా ఎనిమిది విల్లాల వరసకు పంపారు. గీజర్లు తుడిచి, నట్లు బిగించి, కారుతున్నాయేమో చూసి రావాలి. వెళ్ళి చూస్తే ఎనిమిది ఇళ్ళలోనూ గీజర్ల స్విచ్చులు ఆఫ్‌లో ఉన్నాయి. ఇంత చదువుకున్నవాళ్ళు ఇంత మతిమరుపు మనుషులా అనుకున్నాను. ఒక్కో గీజరునూ అద్దంలా తుడిచి, ఎనిమిదికి ఎనిమిదీ ఆన్ చేసి, ఎర్ర లైటు వెలిగేదాకా నిలబడి మరీ వచ్చాను. ఆ సాయంత్రం క్యాంప్‌లో నా అంతటివాడు లేడనుకుంటూ నడిచాను.

మర్నాడు పది గంటలకల్లా ఎనిమిది ఇళ్ళ నుంచీ ఫోన్లు. చన్నీళ్ళు రావడం లేదట! నాకు తిక్క రేగింది. నేను గీజరు మనిషిని, చన్నీళ్ళతో నాకేం పని? కాకాతో అదే అన్నాను. ఆయన టూల్ బాక్సు మీద కూలబడి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"ఒరే, ఎనిమిది ఇళ్ళవాళ్ళనీ ఒకేసారి ఉడకేశావు కదరా, ఇడ్లీలు వేసినట్టూ!"

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఎండాకాలం మేడమీది ట్యాంకులో నీళ్ళు ఎండకే సలసల కాగుతాయి. చన్నీళ్ళ పంపు తిప్పితే చర్మం ఊడొస్తుంది. అందుకని జనం మే నెలలోనే గీజర్లు ఆపేస్తారు. డ్రమ్ము ఏసీ ఇంట్లో ఉంటుంది కనుక అందులో నిలవున్న నీళ్ళు చల్లబడతాయి. అలా వేడి పంపులో చన్నీళ్ళు, చల్ల పంపులో వేన్నీళ్ళు. మళ్ళీ చలికాలం దాకా దేశమంతా అలాగే స్నానం చేస్తుందట. మూడేళ్ళున్నా నాకు తెలియకపోవడానికి కారణముంది. క్యాంప్‌లో మేము ముందురోజే బకెట్లు నింపిపెట్టుకుని, చల్లారిన నీళ్ళు పోసుకునేవాళ్ళం. గీజరు లేదా అంటే ఉంది, నలభై మందికి ఒకటి. నేను రాకముందే పాడైంది. దాన్ని బాగుచేసే కాంట్రాక్టు వేరేవాళ్ళదట, మేము ముట్టుకోకూడదట. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మా గదిలో మాత్రం, "గీజరోడు మనోడే గని గీజరు మనది గాదు" అని నవ్వేవాళ్ళు.

ఎనిమిది ఫోన్లకూ కలిపి ఒకటే కాల్‌బ్యాక్ రాయమని కాకా ఫోర్‌మన్‌ను బతిమాలాడు. ఫోర్‌మన్ ఒక వేలు మడిచాడు. నా భార్యకు ఈ కథంతా ఫోన్‌లో చెప్పాను. "గీజరు బంద్ వెడితె సల్లనీళ్ళస్తయా? ఇగ తాగుడు గూడ షురూ జేసినవన్నట్టు" అంది.

ఆ తర్వాత నాలుగైదు నెలలు బుద్ధిగా నేర్చుకున్నాను. ఆ రోజులు నాకు ఇష్టం. పొడవాటి స్క్రూడ్రైవర్ ఒక కొస డ్రమ్ముకు, ఇంకో కొస చెవికి ఆనించి వినడం కాకా నేర్పాడు. ఎలిమెంటుకు సున్నం పట్టి ఉంటే మరమరాలు వేగినట్టు చిటపటలు వినిపిస్తాయి. మీటరు ముల్లు కదలకపోతే ఎలిమెంటు తెగినట్టు. స్విచ్చు వెయ్యగానే ఇంట్లో కరెంటు మొత్తం పోతుంటే ఎలిమెంటులోకి తడి చేరినట్టు. కింద సేఫ్టీ వాల్వు నుంచి చుక్క చుక్క కారుతుంటే గాబరాపడనక్కర్లేదు, అది దాని డ్యూటీ. కాకా పొగిడే మనిషి కాదు. నేను సరిగ్గా చెప్పిన రోజు తన డబ్బాలోంచి ఒక ఆవకాయ ముక్క నా అన్నంలో వేసేవాడు. నవంబరు నాటికి రోజూ ఆవకాయే.

అదే నన్ను చెడగొట్టింది. మరుసటి చలికాలం వరల్డ్ కప్పు. వచ్చే జనమంతా వేన్నీళ్ళ స్నానాలు చేస్తారు కదా, దోహాలో ఫ్లాట్లన్నీ ముందునుంచే సిద్ధం చేయిస్తున్నారు, ఆ పనులు మా కంపెనీకీ దొరికాయి. అలా ఉమ్ ఘువైలినాలో ఒక ఫ్లాటుకు వెళ్ళాను. గీజరు కాగడం లేదన్నారు. ఇంట్లోవాళ్ళను ఒక్క మాట అడగలేదు. సరాసరి నిచ్చెనెక్కి ఎలిమెంటు పీకేసి, నిలువునా తడిసి, మూడు గంటలు కష్టపడి కొత్తది బిగించాను. అయినా నీళ్ళు కాగలేదు. "కొత్తది గద, జర టైమ్ వడతది" అని దబాయించి బయటపడ్డాను. మర్నాడు ఫోన్ వచ్చింది. ఈసారి కాకా వచ్చాడు. ఇంటాయనను అడిగితే, రెండు రోజుల కింద నీళ్ళు పొగలు కక్కేంత కాగి, ఒక్కసారిగా ఆగిపోయాయన్నాడు. కాకా మూత తీసి, కటౌటు మీదున్న చిన్న ఎర్ర బొత్తాం వేలితో నొక్కాడు. టక్కుమంది. థర్మోస్టాటు కాస్త తగ్గించాడు. అంతే, లైటు వెలిగింది.

"అడిగావా?" అన్నాడు దిగుతూ. "అడగలే కాకా" అన్నాను. ఆయన తిట్టలేదు. ఆ పూట ఆవకాయ కూడా వెయ్యలేదు. సాయంత్రం ఫోర్‌మన్ రెండో వేలు మడిచాడు.

డిసెంబరు మధ్యలో కాకా సెలవు మీద ఊరెళ్ళాడు. సరిగ్గా ఆ వారమే అల్ రయ్యాన్‌లో ఒక విల్లా నా నెత్తిన పడింది. ఆ ఇంటి ముసలావిడ గీజరు ఎలిమెంటు నెలలో రెండుసార్లు కాలింది. రెండుసార్లూ వేరే టెక్నీషియన్ మార్చి వచ్చాడు, అయినా నీళ్ళు మళ్ళీ కాగడం మానేశాయి. ఈసారి ఫోర్‌మన్ నన్ను పంపుతూ, మిగిలిన ఒక్క వేలూ ఆడించి చూపించాడు.

గేటు తీసింది ఆ ఇంటి డ్రైవరు, ముప్పై ఏళ్ళుంటాయి, కడప వైపు మనిషి. నా హిందీ వినగానే గుర్తుపట్టేశాడు. "తెలుగోళ్ళా అన్నా? అబ్బ, మన మాట ఇని ఎన్నాళ్ళయింది!" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. గీజరు ముసలావిడ బాత్రూంకు అవతలివైపు, స్టోర్ రూం గోడకు ఉంది. పక్కనే డ్రైవరు గది. అతని బాత్రూంలో చన్నీళ్ళ పంపు ఒక్కటే.

ఈసారి బుద్ధిగా ముందు అడిగాను. నీళ్ళు ఆగిపోతుంటాయా? కరెంటు పోతుంటుందా? స్విచ్చు ఎవరు వేస్తారు? అన్నింటికీ డ్రైవరుది ఒకటే జవాబు. "నాకేం తెల్దన్నా."

ఎలిమెంటు బయటికి తీశాను. సున్నం లేదు, తుప్పు లేదు. కింది సగం కొత్త గిన్నెలా మెరుస్తోంది. పై సగం నల్లగా మాడి పగిలిపోయింది. దాన్ని చేతిలో పట్టుకోగానే మా బోరు మోటరు గుర్తొచ్చింది. బోరు ఎండిన ఏడాది, అడుగున నీళ్ళు లేవని తెలియక స్విచ్చు వేస్తే మోటరు ఇలాగే మాడింది. నీళ్ళలో మునిగి ఉన్నది ఇలా మాడదు. అంటే కరెంటు నడుస్తుండగానే ఈ డ్రమ్ము సగం పైగా ఖాళీ అవుతోంది.

తరవాత చూశాను. ఖతర్‌లో దుమ్ము పట్టని వస్తువంటూ ఉండదు. ఆ స్టోర్ రూంలోనూ అన్నింటి మీదా దుమ్మే. రెండింటి మీద మాత్రం లేదు. ఒకటి గీజరులోకి నీళ్ళొచ్చే వాల్వు పిడి, రెండోది సేఫ్టీ వాల్వుకుండే చిన్న మీట. దాన్ని ఎత్తితే డ్రమ్ములో నీళ్ళు కిందికి దిగుతాయి. పక్కన మేకుకు మూరెడు రబ్బరు పైపు చక్కగా చుట్టి తగిలించి ఉంది.

"తమ్మీ, పొద్దుగాల ఎన్ని బకెట్లు వట్టుకుంటవ్?" అన్నాను.

అతను నా వంక, గీజరు వంక, తలుపు వంక చూశాడు. "రెండేన్నా" అన్నాడు చివరికి.

మెల్లగా అంతా చెప్పాడు. మామా, అంటే ఆ ముసలావిడ, లేవకముందే అతను నీళ్ళు దించుకుంటాడు. వాల్వు తెరిచి ఉంటే పైపు గుర్రుమని మోగుతుందని దాన్ని ముందే మూసేస్తాడు. డ్రమ్ములోకి గాలి పోవాలి కాబట్టి వంటింట్లో వేడి పంపు తిప్పి ఉంచుతాడు. ఇవన్నీ ఎవరూ నేర్పకుండా సొంతంగా కనిపెట్టాడు! నాకంటే మంచి టెక్నీషియన్ అయ్యేవాడు. తీరిగ్గా స్నానం ముగించుకుని వచ్చి మళ్ళీ వాల్వు తిప్పుతాడు. ఈలోగా అడుగున మిగిలిన కాసిన్ని నీళ్ళతో ఎలిమెంటు మాడుతూ ఉంటుంది.

"అంటే ఆ మూడూ కాలింది నా వల్లేనా?" అన్నాడు. "సలికి ఓర్సుకోలేక పట్టుకుంటినన్నా. మామాకు తెలిస్తే ఇంటికి పంపించేస్తాది."

"నీకు ఇల్లు, నాకు సైటు" అన్నాను కోపంగా. నా మూడు వేళ్ళ కథ చెప్పాను. ఇంకొక్క ఫోన్ ఈ ఇంటి నుంచి వస్తే నేను మళ్ళీ ఎండలో చువ్వలు కట్టుకోవాలని చెప్పాను. నీళ్ళు పట్టుకుంటే పట్టుకో గానీ ఈ వాల్వు మాత్రం ముయ్యొద్దని పదిసార్లు చెప్పాను. అతను పదిసార్లూ తలూపాడు. నేను కూడా కాకా ముందు అలాగే తలూపేవాణ్ణి కనుక, ఆ తలూపుడు మీద నాకు పెద్ద నమ్మకం కలగలేదు.

కొత్త ఎలిమెంటు బిగించి, రిపోర్టు కాగితంలో కారణం అన్నచోట పెన్ను పెట్టి కాసేపు ఆగాను. ఉన్నదున్నట్టు రాస్తే నేను గట్టెక్కుతాను, అతను మునుగుతాడు. చివరికి "నీళ్ళ వాల్వు మూసి ఉంది, తెరిచాను" అని రాశాను. అందులో అబద్ధం లేదు. ఫోర్‌మన్ చదివి, "కిస్‌నే బంద్ కియా?" అని, మూసిందెవరో అడిగాడు. "మాలూమ్ నహీ" అన్నాను. అది మాత్రం అబద్ధమే.

ఆ తర్వాత రెండు వారాలు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. గంటసేపు చూసిన మనిషి చేతిలో నా బతుకు పెట్టి వచ్చాను. ఫోర్‌మన్ ఫోన్ మోగినప్పుడల్లా అది రయ్యాన్ నుంచేమోనని తలుపు దగ్గర నిలబడి వినేవాణ్ణి. నెల గడిచిపోతే చాలని రోజులు లెక్కపెట్టాను.

డిసెంబరు ముప్పై ఒకటిన, ట్రయల్ ఆఖరిరోజు పొద్దున్నే ఫోర్‌మన్ పిలిచాడు. "వహీ రయ్యాన్ వాలా ఘర్. తుమ్‌కో బులాయా" అన్నాడు. ఆ రయ్యాన్ ఇంటివాళ్ళు నన్నే రమ్మన్నారట. ఎందుకో అడక్కుండానే టూల్ బాక్సు తీసుకుని వ్యాన్ ఎక్కాను.

వ్యాన్లో దారిపొడుగునా ఆ డ్రైవర్ను తిట్టడానికి మాటలు ఏరుకున్నాను. మా జిల్లాలో తిట్లకు కరువు లేదు. గేటు తీసేసరికి చెవులకు మఫ్లరు చుట్టుకుని, ముక్కు ఎర్రగా చేసుకుని నిలబడ్డాడు. అతన్ని నోరు విప్పనివ్వలేదు.

"రెండు బకెట్ల నీళ్ళకు నా కడుపు గొట్టినవ్ గదరా! పదిసార్లు జెప్పిన, వాల్వు ముయ్యకురా అని! నీకు నెత్తుందా, అండ్ల ఏమన్న ఉందా?"

అతను జవాబివ్వబోయి తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. నేను విసురుగా స్టోర్ రూంలోకి వెళ్ళి, పైపుకు వెనకచెయ్యి ఆనించాను. కాలుతోంది. ఎర్ర లైటు వెలుగుతోంది. మీటరు పెట్టి చూస్తే ఎలిమెంటు నిక్షేపంలా ఉంది. మరి ఫోన్ ఎందుకు చేసినట్టు? వంగి సేఫ్టీ వాల్వు మీట చూశాను. దాని మీద దుమ్ము. మందంగా, ఎవరి వేలి ముద్రా లేకుండా, రెండు వారాల దుమ్ము.

"నీళ్ళు వట్టుకుంటలేవా?" అన్నాను.

"ల్యా అన్నా. ఆ వాల్వుల సంగతి నాకు నమ్మకం ల్యా. యాడన్నా తప్పు చేస్తే నిన్ను ఎండలోకి తోస్తారంటివి కదా. ఎందుకొచ్చిందని మానుకుంటి" అన్నాడు, మఫ్లరు కొసతో ముక్కు తుడుచుకుంటూ.

నాకు సిగ్గేసింది. వ్యాన్లో ఏరుకున్న తిట్లన్నీ నాకే సరిపోతాయనిపించింది.

అంతలో కర్ర తాటించుకుంటూ మామా వచ్చింది. గీజరు చూపించి, "హాదా మాఫీ ఖరాబ్" అంది, అంటే ఇది పాడవలేదని. డ్రైవరు బాత్రూం వైపు కర్ర చాచింది. అక్కడ నేలమీద విప్పని అట్టపెట్టె, అందులో కొత్త గీజరు. డ్రైవర్ను చూపిస్తూ, "సయారా మే అచ్చూ, అచ్చూ! హమ్‌కో డర్" అంది. కారు నడుపుతూ ఇతను తుమ్మే తుమ్ములకు ఏ గోడకు గుద్దుతాడోనని ఆవిడకు భయం పట్టుకుందట. ఎందుకురా ఈ తుమ్ములని గట్టిగా అడిగిందట. తుమ్ముకూ తుమ్ముకూ మధ్య అబద్ధం అల్లే తీరిక లేక ఇతను మొత్తం కక్కేశాడు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "యల్లా, యల్లా" అని తొందరపెట్టి వెళ్ళిపోయింది.

గీజరు బిగించడానికి మధ్యాహ్నమైంది. ముందు డ్రమ్ము నింపి, వేడి పంపులో నీళ్ళు ధారగా వచ్చేదాకా ఆగి, అప్పుడే స్విచ్చు వెయ్యాలని డ్రైవరుకు చూపించాను. ఈసారి అతను తలూపలేదు, అదే మాట నాకు తిరిగి అప్పజెప్పాడు. ఫోర్‌మన్‌కు ఫోన్ చేసి చెబితే, పుస్తకంలో కొత్త ఫిట్టింగ్ అని రాసుకున్నాడు. కాల్‌బ్యాక్‌లు రెండు దగ్గరే ఆగాయి. మర్నాటి డ్యూటీ అల్ ఖోర్‌లో అని, పొద్దున ఆరింటికి వ్యాన్ దగ్గరుండమని చెప్పాడు. అంటే ఉద్యోగం నిలిచినట్టే.

కాసేపటికి డ్రైవరు పంపు తిప్పి, కింద చెయ్యి పెట్టి, పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. లోపలికి పోయి ఉతికిన తువ్వాలు తెచ్చి నా భుజం మీద వేశాడు.

"ముందు నువ్వు పోసుకోన్నా" అన్నాడు.

వద్దనడానికి నోరు తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది, ఏడు నెలలుగా ఊరందరికీ నీళ్ళు కాచిపెట్టి నేను ఒక్కసారి కూడా వేన్నీళ్ళు పోసుకోలేదని. తలుపు వేసుకున్నాను. సరిగ్గా రెండు బకెట్లు పోసుకున్నాను.